కింద వచ్చే అక్షరాలు

"నాలుగు," అన్నారెవరో వెనకనుంచి. లిఫ్టు బాబాయి మీట నొక్కి, జాలీ తలుపును ఎడమచేత్తో లాగాడు. అది రోజూలాగే కీచుమని మూసుకుంది. ఉదయం తొమ్మిదీ నలభై. ఆ వేళప్పుడు ఆరుగురు పట్టే లిఫ్టులో తొమ్మిదిమంది ఉంటారు. ఆ తొమ్మిదిమంది మోచేతుల కింద, మూలన, స్టూలు మీద ఆయన ఉంటాడు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా అదే మూల. ఈలోగా స్టూలు మూడుసార్లు మారింది.

"మా బావమరిది అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళాడా, తీరా చూస్తే తలుపు తీసినావిడ..." అంటున్నాడు నీలం చొక్కా ఆయన పక్కవాడితో. ఇంతలో నాలుగో అంతస్తు వచ్చింది. ఇద్దరూ దిగిపోయారు.

ఈ ఉద్యోగంలో కష్టమూ అదే, సుఖమూ అదే. ఏడంతస్తుల భవనం. రోజుకు రెండువందల కథలు చెవిన పడతాయి, ఒక్కదానికీ ముగింపు ఉండదు. తలుపు తీసినావిడ ఎవరో లిఫ్టు బాబాయే తేల్చుకోవాలి. తప్పిపోయిన అక్కా? పాత బాకీదారు భార్యా? ఐదో అంతస్తు చేరేలోగా తేల్చేశాడు: చిన్నప్పుడు బడిలో చెవి మెలిపెట్టిన పంతులమ్మ. అద్దె తగ్గదు గాక తగ్గదు.

తేల్చినవేవీ వృథా పోవు. సాయంత్రం ఇంట్లో పనికొస్తాయి.

ఇంట్లో ఆయన భార్య ఉంటుంది. ఇరవై రెండేళ్ళు నూలుమిల్లులో పనిచేసింది. మిల్లు మూతపడ్డాక జీతం ఆగింది గానీ చెవుల్లో మోత ఆగలేదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి నోరు ఆనించి చెబితే వినబడుతుంది. చెవి మిషను కొనిపెడితే ఒక్కరోజు పెట్టుకుని, "మళ్ళీ డ్యూటీకి వెళ్ళినట్టుందయ్యా," అని తీసి డబ్బాలో పడేసింది. టీవీలో మాటలు ఆవిడకు ఉత్త గొణుగుడు. అందుకని ఏడు గంటల సీరియల్ మొదలవగానే ఆయన ఆవిడకు ఎడమపక్కన చేరి, ఎవరు ఏమన్నారో చెవిలో చెబుతాడు. పన్నెండేళ్ళనుంచీ ఇదే వరస.

చెబుతాడంటే, ఉన్నది ఉన్నట్టు చెబుతాడని కాదు. ఆ సీరియల్లో అందరూ నిన్న అన్నదే ఇవాళా అంటారు. ఇక్కడేమో లిఫ్టు సరుకు బుర్రలో మూలుగుతూ ఉంటుంది. ఎన్నాళ్ళని ఊరుకుంటాడు? అత్తగారికి ఓ చిన్ననాటి స్నేహితురాలిని తగిలించాడు. దుర్మార్గుడికి ఎవరికీ తెలియని దయాగుణం ఒకటి కుట్టాడు. పగలంతా నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి, ఏడింటికి మాత్రం చిలవలు పలవలుగా చెబుతాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. తెరమీద పెదవులు ఎంతసేపు కదిలితే అంత మాటే అతికించేవాడు.

ఒక్క అబద్ధం మాత్రం శ్రుతి మించింది. రెండేళ్ళ క్రితం ఆవిడ అన్నయ్య పోయాడు, ఆవిడను పెంచి పెద్దచేసినవాడు. వెళ్ళి వచ్చాక ఆవిడ ఏడవలేదు, మాట్లాడలేదు. ఐదోనాడు టీవీ ముందు కూర్చుంది. తెరమీద కోడలు ఫోను పట్టుకుని ఏడుస్తోంది. గొడుగు వసారాలో మరిచి పొరుగూరు వెళ్ళిన తాతగారు అక్కడే పోయారని కబురు. "ఏమైందయ్యా?" అందావిడ. ఆయనకు నోరు రాలేదు. "తాతగారు ఆ ఊళ్ళోనే ఉండిపోతానన్నాడట. ఉత్తరాలు రాస్తాడట," అన్నాడు.

అప్పట్నుంచి తాతగారు వారానికో ఉత్తరం రాస్తున్నాడు. తెరమీద ఎవరు ఏ కాగితం పట్టుకున్నా, అది కరెంటు బిల్లయినా సరే, తాతగారి ఉత్తరమే. మోకాళ్ళ నొప్పి తగ్గిందట. పక్కింటి కుక్క మాలిమి అయిందట. చెల్లెలు వేళకు తింటోందా అని అడిగాడట. ఆవిడ ఒక్కో ఉత్తరం రెండుసార్లు చెప్పించుకునేది.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవహారాన్ని పాడుచేసుకున్నదీ ఆయనే. పోయిన వారం ఐదో అంతస్తు ఎకౌంటెంటమ్మ, "బాబాయ్, కొత్త టీవీలు మాట వినగానే కింద అక్షరాల్లో రాసేస్తున్నాయి తెలుసా? మా అమ్మకు కొన్నాను," అంది. ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోకుండా ఇంటికి పరిగెత్తుకెళ్ళి చెప్పేశాడు. ఆవిడకు ఆరోజు నుంచీ కాళ్ళు నేలమీద ఆనడం లేదు. గోడ కడిగింది. చీపురుపుల్లతో కొలత తీసి సున్నంతో గీత గీసింది. వీధి వీధంతా చెప్పింది, అదీ ఆవిడ గొంతుతో. అక్షరాలొస్తే తన అబద్ధాలు నిలవవన్న అసలు సంగతి ఆయనకు మూడోనాడు తట్టింది, మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

కింది అంతస్తులోనే టీవీల షాపు. "ఆ సైజులో ఒక్కటే మిగిలింది బాబాయ్," అన్నాడు షాపతను పొద్దున్నే. "మూడింటిలోగా ఏ సంగతీ చెప్పెయ్. ఇంకొకళ్ళు అడుగుతున్నారు."

పైకీ కిందికీ తిరుగుతూ ఆయన సాకులు ఏరుకున్నాడు. గోడకు చెమ్మ ఉందనవచ్చు. మనకు నప్పదన్నారనవచ్చు. అసలు టీవీయే అయిపోయిందని చెబితే గొడవే ఉండదు. ఒక్కొక్కటీ బాగానే అతుకుతోంది. రెండేళ్ళు బతికించుకున్న మనిషిని తన చేతులారా చంపుకోవడం ఎందుకు? పైగా ఆ ఎడమచెవి పక్కన చోటు పోతే తనకింకెక్కడుంది చోటు? లిఫ్టులో ఆయన మాట ఎవరికీ అక్కర్లేదు. "ఎన్నో?" అంటే చాలు.

భోజనాల వేళ షాపులోకి వెళ్ళి నిలబడ్డాడు. గోడంత తెరమీద ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు పకపకా నవ్వుతున్నారు. షాపతను చప్పుడు తీసేసి ఉంచాడు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో ఆయనకు అంతుపట్టలేదు. ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. చిరాకేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ పొద్దున అన్నమాట: "నువ్వు వెళ్ళినకాడ్నించి వచ్చేదాకా బొమ్మలే చూస్తానయ్యా. అందరూ నవ్వుతుంటారు. ఎందుకో తెలిసి చావదు."

తను చెప్పేది గంటసేపు. మిగతా రోజంతా ఆవిడ ఇలాగే కూర్చుంటోంది. ఆయనకు తనమీద తనకే సిగ్గేసింది.

"ఆ అక్షరాలు పెట్టు, చూద్దాం," అన్నాడు.

షాపతను ఏదో నొక్కాడు. నవ్వుతున్న మొహాల కింద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ వచ్చాయి. పోయిందనుకున్న గాజు పెట్టెలోనే దొరికిందట, అదీ విషయం. ఆయనకూ నవ్వొచ్చింది.

"తీసుకుంటాను. ఏడింటిలోగా బిగించాలి మరి!"

ఒక్కసారి ఊఁ అనేశాక ఆయన కంగారు చూడాలి. ఆ మధ్యాహ్నం రెండో అంతస్తు వాళ్ళను ఆరులో దింపాడు, ఆరువాళ్ళను రెండులో దింపాడు. ఎప్పుడూ నోరెత్తని మనిషి ఎక్కినవాళ్ళందరికీ, "కొత్త టీవీ కొన్నామండీ, మాటలు రాస్తుంది," అని చెప్పాడు. ఈసారి కథ సగంలో ఆగిపోతోందని దిగేవాళ్ళే వెనక్కి తిరిగి చూశారు.

ఆరున్నరకు బిగించే అతను వచ్చాడు. పక్కింటి వదిన, ఎదురింటి పిల్లలు, పై వాటాలో డ్రైవరు, అందరూ గుమ్మంలోనే. పాత డబ్బా టీవీని ఇద్దరు పట్టి కిందికి దింపుకుపోతుంటే ఎవరూ అటు చూడనేలేదు. సున్నపు గీత కన్నా తెర నాలుగంగుళాలు పెద్దదైంది. "మరీ మంచిది!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఏడింటికి సీరియల్ మొదలైంది. అలవాటుకొద్దీ ఆయన ఎడమపక్కన కూర్చుని నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండవయ్యా, నేను చదువుతా!"

చదివింది, వీధి చివరిదాకా వినబడేలా. "'కోడలా, పళ్ళు కాచావా?' ఇదేంటయ్యా, పళ్ళు కాచడమేంటి?"

"పాలు. టీవీ తప్పు విన్నట్టుంది," అన్నాడాయన చెవిలో.

"అయితే దీనికీ నాలాగే చెవుడే!" గుమ్మంలో జనం గొల్లుమన్నారు. ఆవిడ అందరికన్నా గట్టిగా నవ్వింది. 'అత్తయ్య'ను 'అట్టముక్క' అని రాసినప్పుడైతే పక్కింటి వదిన కూలబడి నవ్వింది. అక్షరం వెనక అక్షరం పట్టుకుని ఆవిడ ఆ సీరియల్ ఇంట్లో అందరి మాటలూ తన నోటితో తనే అంటోంది. ఆ మొహం చూస్తూ ఆయన తన భయం కూడా మరిచిపోయాడు. ఈ సంబరం పదేళ్ళ ముందే తేవాల్సింది అనుకున్నాడు.

"వీళ్ళు ఇంత చప్పగా మాట్లాడుకుంటారా?" అందావిడ కాసేపయ్యాక. "నువ్వు చెబితేనే బావుండేదయ్యా."

ప్రకటనలు రాగానే జనం పలచబడ్డారు. మళ్ళీ సీరియల్ వచ్చేసరికి ఇద్దరే మిగిలారు. తెరమీద తాతగారి కొడుకు వసారాలో నిలబడి నెమ్మదిగా ఏదో అంటున్నాడు. ఆవిడ చదివింది.

"'నాన్నగారు పోయి రేపటికి రెండేళ్ళు.'"

రెండోసారి ఆవిడ పైకి చదవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. తర్వాత ఆయనవైపు తిరిగింది.

"ఇది తప్పు రాసిందా?"

తప్పించుకోవడానికి అంతకన్నా మంచి దారి ఇంకెవరిస్తారు? పాలను పళ్ళన్న టీవీ, అత్తయ్యను అట్టముక్కన్న టీవీ. అవునంటే అయిపోయేది, తాతగారు ఇంకో పదేళ్ళు బతికేవాడు. ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"లేదు. సరిగ్గానే రాసింది."

ఆవిడ వేళ్ళమీద ఏవో నెలలు లెక్కవేసుకుంది. "అన్నయ్య పోయిన వారమేనా?"

"ఆ వారమే."

"మరి ఆ ఉత్తరాలు?"

ఆవిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళనుంచి ఎక్కడ ఆగిందో ఆ ఏడుపు అప్పుడు వచ్చింది, నెమ్మదిగా, చప్పుడు లేకుండా. ఆయన చెయ్యి ఆవిడ వీపు మీద పెట్టి కూర్చున్నాడు. ఎవరికోసమని ఆయన అడగలేదు. కింద అక్షరాలు వస్తూనే ఉన్నాయి. ఇద్దరూ చదవలేదు.

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "వేళకు తింటోందా అని రాశావు చూడు. అచ్చం మా అన్నయ్యే రాసినట్టుండేదయ్యా," అంది. తర్వాత కళ్ళు చికిలించి, ఆయన భుజం తట్టి, తెరలో ఓ మూలకు వేలు చూపించింది.

పాత టీవీలో ఆ మూల ఎప్పుడూ నల్లగా ఉండేది. ఇప్పుడు వసారా గోడ, మేకు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. తీసేవాళ్ళు లేక, కాడ దగ్గర రంగు వెలిసి, తాతగారి గొడుగు ఆ మేకుకు వేలాడుతోంది.