గేటు దగ్గర ఎవరో

"ఉద్యోగం చేసొచ్చావా, దుక్కి దున్నొచ్చావా అమ్మాయ్?" అంది అత్తగారు, వెనక వసారాలో పీట మీద కూర్చుని పెసరపప్పులో రాళ్ళేరుతూ.

సామ్రాజ్యం పెరట్లో బట్టలుతికే బండ మీద ఖాకీ ప్యాంటు పరిచి, మోకాళ్ళ దగ్గర పట్టిన ఎర్రమట్టిని బ్రష్షుతో రుద్దుతోంది. రెడ్డిగూడెం మామిడితోటల మట్టి అంటే మాటలు కాదు, సర్ఫు ఎంత పోసినా ఒక పట్టాన వదలదు. పోలీసు ఉద్యోగంలో చేరి ఇన్నేళ్ళయింది, హెడ్ కానిస్టేబుల్ కూడా అయింది, అయినా ఆ యూనిఫాం మీద ఈ ఇంట్లో ఇంకొకరి చెయ్యి పడలేదు. మామూలు రోజైతే ఈపాటికి నడుం పట్టేసి లోపల్లోపల అందర్నీ తిట్టుకుంటూ ఉండేది. ఇవాళ మాత్రం ఆ మట్టిని చూస్తుంటే ముద్దొస్తోంది. మట్టే కదా, రుద్దితే పోతుంది. పొద్దున దానికి అంటుకోబోయింది మట్టి కాదు. అది అంటుకుని ఉంటే ఏ సబ్బూ పనికొచ్చేది కాదు.

"ఇవాళ ఎవరూ చావలేదత్తయ్యా," అంది, తలెత్తకుండానే.

"అదే అందరూ అనుకుంటున్నారు. చావాల్సినవాడు చావలేదని," అంది అత్తగారు. ఒక రాయి ఏరి గిన్నెలోంచి బయటికి విసిరింది.

చావాల్సినవాడి పేరు సాయిరాం. తిరువూరు మెయిన్ రోడ్డు మీద బట్టల షాపులో పనిచేసే వేదశ్రీ మొగుడు. నాలుగు రోజుల కిందట షాపుకొచ్చి, ఫోను ఎందుకెత్తలేదని తోటి ఆడపిల్లల ముందు నిలదీశాడు. "ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం, ఇక్కడ నీ గోలేంటి?" అని ఆ పిల్ల నవ్వేసింది. పక్కనున్న పిల్లలూ నవ్వారు. అంతే జరిగింది. ఆ సాయంత్రమే ఇంటి గుమ్మంలో ఆ పిల్లని నరికేసి పారిపోయాడు. శవపంచనామాకి ఆడపోలీసు కావాలి గనక సామ్రాజ్యమే వెళ్ళింది. ఆ పిల్ల చెంప మీది జుట్టు తీసి పక్కకి పెట్టింది తనే, తల్లి కూలబడిపోతే ఒళ్ళోకి తీసుకుందీ తనే. కాబట్టి వాడి మీద జాలిపడిందని ఎవరైనా అంటే సామ్రాజ్యానికి ఒళ్ళు మండుతుంది. వాడు బతకాలని ఆమె కోరుకుంది వాడికోసం కాదు. వాడు కోర్టులో నిలబడాలి, ఆ పిల్ల పేరు జడ్జి నిండుగా, గట్టిగా చదవాలి, వాడు తలొంచుకుని వినాలి. కాల్చేస్తే అదేమీ ఉండదు. నాలుగు టపాకాయలు కాల్చి, స్వీట్లు పంచి, ఆ పిల్లని వాడితోపాటే మర్చిపోతారు.

ఊరు మాత్రం కాల్చమంది. కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్ళు కాల్చమన్నారు, టీకొట్టు దగ్గరవాళ్ళు కాల్చమన్నారు, టీవీ ముందు కూర్చున్న అత్తగారు, "ఆడపిల్ల మీద చెయ్యెత్తినవాణ్ణి నిలబెట్టి కాల్చాలి," అంది. ఆ మాట అన్నప్పుడు సామ్రాజ్యం అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ మాత్రం టీవీనే చూసింది. ఈ ఇంట్లో ఎత్తిన చెయ్యి ఆవిడ కంట ఏనాడూ పడలేదు మరి.

ఆ చెయ్యి జోజిబాబుది. జోజిబాబు అంటే సామ్రాజ్యం భర్త, గంపలగూడెం దగ్గర బడిలో పంతులు. ఊళ్ళో మెత్తటి మనిషని పేరు. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతుంటే ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. ఆ గొంతు అటువంటిది.

పొద్దున్నే కబురొచ్చింది, సాయిరాం మామిడితోటలో దాక్కున్నాడని. ఎస్సై నవీన్ కుమార్ జీపు తీయించాడు. ఇంకా ముప్ఫై నిండని కుర్రాడు, ఈ స్టేషనుకి కొత్త. ముందు సీట్లో ఆయన, వెనక పాతకాపు కానిస్టేబుల్ వీరరాఘవయ్య, పక్కన సామ్రాజ్యం. ఒళ్ళో మంచినీళ్ళ క్యాను, పైన అందరి ఇడ్లీ పొట్లాలు. తోటలో ఆడకూలీలుంటారని ఆమెని తీసుకెళ్తున్నామన్నారు గానీ, పొట్లాలు ఎవరి ఒళ్ళో పెట్టాలన్నది ఆ స్టేషనులో ఎప్పుడూ చర్చకి రాదు.

"కాల్చిన ఎస్సైకి పూలదండలేస్తన్నారు సార్, కాల్చనోడికి మెమోలిస్తన్నారు. రోజులట్టా ఉన్నాయి," అన్నాడు వీరరాఘవయ్య.

ఎస్సై పిస్తోలు మీద చెయ్యేసి చూసుకున్నాడు.

పోలీసువాడు ఎందుకు కాలుస్తాడు? ప్రమోషను పరీక్షలో వచ్చిన ప్రశ్నే. ఆత్మరక్షణ కోసం, ఇతరుల ప్రాణరక్షణ కోసం, వేరే మార్గం లేనప్పుడు అని పుస్తకంలో ఉన్నట్టే రాసింది సామ్రాజ్యం. మార్కులూ పడ్డాయి. పుస్తకం రాసిన మహానుభావుడు నిజంగా పిస్తోలు పట్టినవాడి చెవులెప్పుడూ చూసి ఉండడని ఆమెకి ఇవాళే తెలిసింది.

తోటలో కాయకోత జరుగుతోంది. జీపుని చూసి కూలీలు ట్రాక్టరు దగ్గర మూగారు, ఒకరిద్దరు సెల్‌ఫోన్లు పైకెత్తారు. షెడ్డు వెనకనుంచి సాయిరాం బయటికొచ్చాడు. చేతిలో కొడవలి. చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాడు, ముందుకి మాత్రం అడుగెయ్యలేదు. ఎస్సై పిస్తోలు తీసి గురిపెట్టి, "కొడవలి కింద పడెయ్‌రా," అన్నాడు.

"కాల్చు. దమ్ముంటే కాల్చు," అన్నాడు వాడు. "ముందు పట్టుకోడం నేర్చుకో. చెయ్యి వణుకుతోంది చూడు."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ఏసెయ్యండి సార్," అన్నారు.

అప్పుడు చూసింది సామ్రాజ్యం. నవీన్ కుమార్ చెవులు ఎర్రబడ్డాయి. కింది పెదవి పంటి కిందికి పోయింది. కళ్ళు కొడవలి మీదినుంచి తప్పుకుని, నవ్వు వినపడ్డ వైపు వెళ్ళి, మళ్ళీ వచ్చాయి. వచ్చిన కళ్ళు వెళ్ళిన కళ్ళు కావు. వాడు కొడవలితో బయటికొచ్చినప్పుడు భయపడ్డ మనిషి పిస్తోలు వెనక ఇప్పుడు లేడు. నలుగురిలో నవ్వులపాలైన మగవాడొకడు నిలబడి ఉన్నాడు. బట్టల షాపునుంచి ఇంటికెళ్ళినవాడి మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుంది. ఇక సామ్రాజ్యానికైతే అది బాగా ఎరిగిన మొహం. ఇంట్లో రోజూ అన్నం పెట్టి పోషిస్తున్న మొహమే. దాని తర్వాత ఏం వస్తుందో, ఎంతసేపట్లో వస్తుందో ఆమె చెంపకి తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి, జోజిబాబు స్నేహితులు భోజనానికొస్తే, లెక్కలో ఏదో తప్పు చెప్పాడని ఆమె సరిచేసింది. స్నేహితులు వెళ్ళాక ఆ చెవులు, ఆ పెదవి, ఆ చెయ్యి. సరిగ్గా చెయ్యి గాల్లో ఉండగా గేటు చప్పుడైంది, పాస్టరు గారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే వెళ్ళి రెండో చేతిని కలుపుకుని, "వందనాలండీ, రండి రండి," అంది. చిరునవ్వు కూడా దానంతటదే వచ్చేసింది. సామ్రాజ్యం నోరు తెరుచుకుని చూసింది. కోపం వస్తే ఒళ్ళు తెలీదంటారే, ఎంత బాగా తెలుస్తోంది. ఆ రోజునుంచి ఆమెకి ఉపాయం దొరికింది. చెయ్యి లేవబోతుంటే, "ఏవండీ, గేటు దగ్గర ఎవరో వచ్చారు," అనేది. ఆయన చొక్కా సర్దుకుని బయటికి వెళ్ళేవాడు. వెళ్ళి, ఎవరూ లేరని చూసి, వచ్చేసరికి చెవులు చల్లబడేవి. ఎవరో వచ్చి వెళ్ళిపోయారు కాబోలు అనుకునేవాడు. ఏళ్ళతరబడి ఎంతమంది అలా వచ్చి వెళ్ళిపోయారో. ఆ వంట, ఆ ఉతుకుడుతోపాటు ఇది కూడా ఒక చాకిరీ. జీతం లేదు, సెలవు లేదు, చేస్తున్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

తోటలో ఆమె ఇదంతా ఆలోచించిందనుకునేరు. లేదు. కాళ్ళు వాటంతటవే నడిచాయి. జేబులోంచి తన సెల్‌ఫోను తీసి ఎస్సై పక్కకి వెళ్ళి నిలబడింది.

"సార్, ఏసీపీ గారు. లైన్లో ఉన్నారు. అర్జెంటంట."

పిస్తోలు దిగింది. నేల వైపుకి దిగి, ఆయన తొడ పక్కన ఆగింది. ఎడం చెయ్యి ఫోను అందుకుంది. మడమలు దగ్గరకొచ్చాయి. "సార్. చెప్పండి సార్. హలో, సార్," అన్నాడు నవీన్ కుమార్, ఎవరూ లేని ఫోనుతో.

ఆలోగా సామ్రాజ్యం కూలీల వైపు తిరిగి, "ఫోన్లు లోపల పెట్టి పనిలోకి పోండి. ఇక్కడ తిరనాళ్ళేం జరగట్లేదు," అంది. పిల్లల్ని అదిలించే గొంతే అది, స్టేషనులో దానికి పెద్ద విలువ లేదు గానీ తోటలో బాగా పనిచేసింది. ట్రాక్టరు దగ్గర జనం పలచబడ్డారు. తర్వాత సాయిరాంతో అంది, "కొడవలి పడేసి కూర్చో. నిన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరిక్కడ." వాడు అటూ ఇటూ చూశాడు. నిజంగానే ఎవరూ లేరు. దమ్ము చూపించడానికి ఇంకెవరూ మిగలకపోయేసరికి వాడి భుజాలు జారిపోయాయి. కొడవలి కింద పడింది. వీరరాఘవయ్య వెళ్ళి చేతులు వెనక్కి విరిచి పట్టాడు. అప్పుడు సామ్రాజ్యం మోకాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. ఎర్రమట్టిలో అలాగే కూలబడి, గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. దేవా, స్తోత్రం అనుకుంది. అంతకంటే ఇంకేమీ తోచలేదు.

"కట్టయినట్టుంది," అన్నాడు ఎస్సై, ఫోను తిరిగిస్తూ.

"ఇక్కడ సిగ్నల్ నిలవదు సార్," అంది.

భయం మధ్యాహ్నం పట్టుకుంది. స్టేషనులో ఎస్సై తన గదిలోకి పిలిచాడు. అబద్ధమని తెలిసిపోతే సస్పెన్షనే. ఆయన బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏసీపీ గారు అసలు ఫోనే చెయ్యలేదంట, సామ్రాజ్యం గారూ."

ఆమె గోడ వైపు చూసింది.

"వాడు నా మీదకి రాలేదండి," అన్నాడాయన, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "నాకు తెలుసు, వాడు రాలేదు. వాళ్ళు నవ్వారు చూడండి, అప్పుడు..." పేపర్ వెయిట్ పక్కన పెట్టి, "మా అమ్మకి ఫోన్ చేశాను. ఊరికే. ఏం తిన్నావని అడిగింది, చెప్పాను. కాల్చి ఉంటే ఏం చెప్పేవాణ్ణో," అన్నాడు. గ్లాసెత్తి మంచినీళ్ళు తాగాడు. "తోటల్లో సిగ్నల్ ఉండదన్నారు కదా?"

"ఉండదు సార్."

"ఉండదు," అని ఆయన ఫైలు తెరిచాడు.

ఇంటికొచ్చేదాకా బండి మీద ఆమెకి ఊరికే నవ్వొస్తూనే ఉంది. ఇప్పుడు ప్యాంటు జాడిస్తున్నా వస్తోంది. దండెం మీద ఆరేసి వంటింట్లోకి వెళ్ళింది. కూతురు గ్లోరి ముందుగదిలో ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. అప్పుడే జోజిబాబు వచ్చాడు. చెప్పులు విప్పిన తీరులోనే తెలిసిపోయింది, టీకొట్టు దగ్గర ఏదో అయిందని.

సెల్‌ఫోను జేబులోంచి తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. కూలీలెవరో తీసిన వీడియో. ఎస్సై పిస్తోలు దించడం, ఆమె ఫోను ఇవ్వడం.

"ఊరంతా తిరుగుతోంది. ఎస్సైకే కళ్ళెం వేసిందంటగా మీ ఆవిడ, ఇంట్లో నీ సంగతేంటి మాస్టారూ అని అడుగుతున్నారు. సుందరరావు అయితే పడీ పడీ నవ్వాడు," అన్నాడు. "నిజంగా ఏసీపీయేనా చేసింది?"

"కాదండి," అంది సామ్రాజ్యం.

"మరి?"

"ఎవరూ చెయ్యలేదు." పెదాలు ఎంత బిగపట్టినా ఆగలేదు, బండి మీది నవ్వు మళ్ళీ వచ్చేసింది. ఆయన్ని చూసి నవ్విన నవ్వు కాదది. ఒక మనిషి చావు తప్పిందని, ఇంకొక మనిషి హంతకుడవకుండా మిగిలాడని ఒళ్ళంతా తేలికైన నవ్వు. ఆయనకి అదెలా తెలుస్తుంది. చెవులు ఎర్రబడ్డాయి. పెదవి పంటి కిందికి పోయింది. చెయ్యి లేచింది.

"నాన్నా, గేటు దగ్గర ఎవరో వచ్చారు," అంది గ్లోరి ముందుగదిలోంచి.

చెయ్యి ఆగింది. జోజిబాబు అలవాటుగా కాలరు సర్దుకుని అటు తిరిగాడు. సామ్రాజ్యం గుమ్మంలోంచి కూతుర్ని చూసింది. పిల్ల కిటికీ వైపు కూడా చూడట్లేదు. పుస్తకంలోకి తల వంచుకుని ఉంది, పెన్ను పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. గొంతులో కాస్త కూడా తేడా లేదు, ఎన్నాళ్ళనుంచో అలవాటైన గొంతు. ఇది పిల్లకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఈ ఇంట్లో అన్నం తింటూ, చదువుకుంటూ నేర్చుకుంది. రేపు ఇంకో ఇంటికి పట్టుకెళ్తుంది. సామ్రాజ్యానికి పొద్దుటినుంచీ ఉన్న తేలికంతా ఒక్క క్షణం ఎటో పోయింది. తర్వాత తిరిగొచ్చింది, ఈసారి మోకాళ్ళతో సహా.

"ఆగండి," అంది. "గేటు దగ్గర ఎవరూ లేరు."

జోజిబాబు గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇవాళే కాదు, ఎప్పుడూ లేరు. ఒక్క పాస్టరు గారు తప్ప ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు. అన్నీ నేను చెప్పిన అబద్ధాలే." గొంతు పెంచలేదు, స్టవ్ మీద పాలు పొంగకుండా మంట కూడా తగ్గించింది. "ఇంక చెప్పను. దానిచేత చెప్పించను. మళ్ళీ ఆ చెయ్యి లేస్తే మాత్రం నిజంగానే వస్తారు. నేనే ఫోన్ చేస్తాను, మా స్టేషనుకే."

వెనక వసారాలో పెసరపప్పు గిన్నె చప్పుడు ఆగిపోయింది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

సామ్రాజ్యం ముందుగదిలోకి వచ్చి కూతురి తల మీద చెయ్యి వేసింది.

"గ్లోరీ, వెళ్ళి ఆ గేటు గొళ్ళెం తీసి ఉంచమ్మా," అంది.