ఊపిరి గొట్టం

ఇంజను ఊపిరి వదిలే గొట్టంలో ఎవరో చెక్క బిరడా దిగ్గొట్టారు.

మేస్త్రి కారు కింద వెల్లకిలా పడుకునే టార్చి మళ్ళీ వేసి చూశాడు. అనుమానం లేదు. బొటనవేలంత లావు గొట్టం. దాని మూతికి సరిగ్గా సరిపోయేలా చెక్కి, సుత్తితో కొట్టి మరీ బిగించారు. దారిలో పుల్లో పుడకో వచ్చి ఇరుక్కున్నది కాదు, పనిగట్టుకుని చేసిన పని.

పైన ఇంజను చచ్చి మూడు గంటలైంది. పొద్దున బడికి వెళ్ళే తొమ్మిదిమంది పిల్లలతో ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా ఆయిలు చూసే పుల్ల ఎగిరిపడింది. దాని వెనకే ఆయిలంతా పిచికారీ కొట్టినట్టు లేచి, కణకణమంటున్న టర్బో మీద పడింది. క్షణంలో కారు నిండా పొగ. డ్రైవరు పిల్లల్ని రెక్కలు పట్టుకుని ఒక్కొక్కర్నీ రోడ్డు మీదికి లాగేశాడు. పిల్లలకి చీమ కుట్టినంత దెబ్బ తగల్లేదు. బానెట్టు ఎత్తబోయిన డ్రైవరు అరచెయ్యి మాత్రం తోలు లేచిపోయింది.

ఆ డ్రైవరు మేస్త్రికి సొంత తమ్ముడు. ఆ కారుకి ఇంజను జోరు పెంచే టర్బో బిగించిన చెయ్యి మేస్త్రిది.

"ఏమయ్యా, కింద కునుకు తీస్తున్నావా?" మెరిసే బూట్లు రెండు వచ్చి కారు పక్కన ఆగాయి. షెడ్డు ఓనరు. "ఏమన్నా దొరికిందా?"

మేస్త్రి కటింగు ప్లేయరుతో బిరడాను పట్టి లాగాడు. నల్లటి ఆయిలు నాలుగు చుక్కలు ముఖాన పడ్డాయి. చేతిగుడ్డతో చెక్కని తుడిచి చూశాడు. చుట్టూ సన్నటి ఎర్ర గీత.

ఆ గీతని గోటితో గీకి చూశాడు.

అది గోళ్ళరంగు. తన ఇంటిదే. అన్నదమ్ములిద్దరికీ చెరో గది, వంటగది మాత్రం ఒకటే. తోటికోడళ్ళ గరిటెలు కలిసిపోయి రోజూ రభస అవుతుంటే, మేస్త్రి భార్య తన కొయ్య గరిటెల పిడులన్నిటికీ గోళ్ళరంగుతో గీతలు గీసేసింది. మొన్న పొద్దున ఆమె సగం విరిగిన గరిటె ఒకటి పట్టుకుని పెద్ద గోల చేసింది.

"ఈ ఇంట్లో ఎలుకలు గరిటె పిడులు కూడా తింటున్నాయి. రేపు నన్నూ తినేస్తాయి."

"నిన్ను తిని అరిగించుకునే ఎలుక ఇంకా పుట్టలేదు వదినా," అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండా.

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా.

బిరడా చొక్కా కిందుగా ప్యాంటు జేబులోకి పోయింది.

"ఏం లేదు సార్. సీలు తన్నేసింది. పనిలోనే లోపం," అన్నాడు మేస్త్రి.

"అయితే భోజనాల వేళకి నా గదిలోకి రా." బూట్లు వెళ్ళిపోయాయి.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పని ముగించినవాడు బానెట్టు లోపలి వైపు సుద్దతో తన గుర్తు పెట్టాలి. బండి పాడై తిరిగొస్తే లెక్క రెండే రకాలు. బండి తాలూకు మనిషి చెయ్యి పెట్టి పాడుచేసుకుంటే ఖర్చు అతనిదే. పనిలో లోపమైతే ఇంజనుని షెడ్డు ఓనరే బాగుచేయించి ఇస్తాడు, గుర్తు పెట్టినవాడు ఆ సాయంత్రమే బట్టలు మార్చుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ ఏ షెడ్డూ వాడికి తలుపు తీయదు. ఇరవై రెండేళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు ఎనిమిదిమంది. అందులో ఒకడు, చెవితో విని ఇంజను జబ్బు చెప్పగల మొనగాడు, ఇప్పుడు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు.

ఈ కారు బానెట్టు లోపల ఉన్నది మేస్త్రి గుర్తు. కొత్త ఇంజను లక్షన్నర. తమ్ముడికి ఈ కారు తప్ప ఇంకో ఆధారం లేదు.

మేస్త్రికి తెలియని పని కాదు. టర్బో గాలిని బలవంతంగా ఇంజనులోకి తోస్తుంది. ఆ తోపుడికి కొంత పొగ పిస్టన్ల పక్కనుంచి కిందికి, ఆయిలుండే గదిలోకి జారుతుంది. అది పోయే దారి ఉండాలి, లేకపోతే లోపలి ఒత్తిడి ఆయిలు చూసే పుల్లనే తన్నేస్తుంది. ఒక గొట్టం టర్బో మూతి ముందుకి, ఇంకొకటి ఇంజను గాలి పీల్చే వైపుకి. ఆ రెండోదానికి ఒకవైపే తెరుచుకునే వాల్వు పెట్టకపోతే టర్బో గాలి వెనక్కి తన్ని ఆయిలు గదిలోకే దూరుతుంది. మధ్యలో ఆయిలు తుంపర పట్టుకోవడానికో చిన్న డబ్బా. వాల్వూ డబ్బా కలిపి పన్నెండు వందలు. మేస్త్రి రెండు రోజుల కూలి.

"ఎందుకయ్యా ఇంత హంగామా? ఒక్క గొట్టం ఉంచి కింద గాలికొదిలెయ్. రెండోది మూసెయ్. ఎవడు వంగి చూస్తాడు?" అన్నాడు ఆరు వారాల కిందట ఓనరు. బిల్లులో మాత్రం వాల్వు రాశాడు.

"సరే సార్," అన్నాడు మేస్త్రి. ఇరవై రెండేళ్ళుగా అతని నోట్లో నానుతున్న మాట అదొక్కటే.

తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు. చేతికి మోచేతి దాకా కట్టు.

"డాక్టరు ఏమన్నాడురా?"

"పదిహేను రోజులు స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. నాకిప్పుడు స్టీరింగెక్కడుందని!"

"ఇంజనుని షెడ్డు ఓనరే కట్టిస్తాడు. లోపల నేను మాట్లాడతాను. నువ్వు నోరు విప్పకు."

"మరి నీ సంగతి?"

"నాకేం? కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటాను. మీ వదిన ఎప్పట్నుంచో ఉండమంటోంది."

"నువ్వు రెండు రోజులు ఇంట్లో ఉంటే, మూడోరోజు మీ ఇద్దర్నీ విడదీయడానికి వీధి వీధంతా రావాలి."

మేస్త్రి నవ్వబోయాడు. జేబులో బిరడా తొడకి గుచ్చుకుంది. తమ్ముడు అన్న ముఖం కేసి చూశాడు, జేబు కేసి చూశాడు, మళ్ళీ ముఖం కేసి చూశాడు. భోజనాల వేళకి అన్న వెనకే ఓనరు గదిలోకి నడిచాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఓనరు కాగితం ముందే రాయించి పెట్టాడు.

"'పనిలో లోపం నాది, ఇష్టపూర్వకంగా మానేస్తున్నాను.' అంతే ఉంది. సంతకం పెట్టు."

మేస్త్రి కాగితం పక్కకి జరిపాడు. "వాల్వు మీరే వద్దన్నారు సార్."

ఓనరు కోపం తెచ్చుకోలేదు. "వద్దన్నది నేనే. విన్నది నువ్వు. బానెట్టు లోపల గుర్తెవరిది?"

మేస్త్రి కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను తీసుకున్నాడు. వేళ్ళకున్న ఆయిలుకి అది జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"పెన్ను కింద పెట్టన్నా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు బయటికి పోరా!"

"పోను." తమ్ముడు కట్టు కట్టిన చేతిని బల్ల మీద ఆనించాడు. "ఆ గొట్టం మూసింది నేను సార్. మా అన్న కాదు. ఆ చెక్క ఆయన జేబులో ఉంది, చూసుకోండి. నెలరోజులుగా కారులో ఆయిలు కంపు. వెనక సీట్లో పిల్లలు వాంతులు చేసుకున్నారు. ఇద్దర్ని వాళ్ళ అమ్మలు మానిపించేశారు. మీ దగ్గరికి రెండుసార్లు వచ్చాను. టర్బో బండన్నాక వాసన ఉంటుంది పొమ్మన్నారు. కిందికి దూరి చూస్తే గొట్టం, దాంట్లోంచి పొగ. అదెందుకన్నా అని మా అన్ననడిగాను. అన్నం తింటున్నాడు. 'నీకెందుకు, బండి తోలుకో' అన్నాడు. విసుక్కున్నాడనుకున్నాను. సిగ్గుపడ్డాడని ఇప్పుడు తెలుస్తోంది. వదిన గరిటె విరగ్గొట్టి చెక్కాను. సుత్తితో మూడు దెబ్బలు కొట్టాను. వాసన పోయింది సార్. రెండు రోజులు పిల్లలు దారి పొడుగునా పాటలు పాడారు. దానికి ఊపిరాడదని నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. మానేసిన ఇద్దరూ ఈవేళ తిరిగొచ్చారు సార్. అందుకే తొమ్మిదిమంది."