ఫ్రిజ్ తలుపు మీద ఐదు నక్షత్రాలు

నేను ఒక స్టిక్కర్‌ను. అరచెయ్యంత ఉంటాను గానీ, నా నెత్తిన ఐదు ఎర్ర నక్షత్రాలున్నాయి. ఏ అచ్చుయంత్రంలో పుట్టానో గుర్తులేదు. పదివేల మంది కవలలతో పుట్టినవాళ్ళకి పుట్టినిల్లు మీద పెద్ద బెంగ ఉండదు. ఫ్యాక్టరీలో నన్నొక కొత్త ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఇది తక్కువ కరెంటుతో పనిచేస్తుందని నలుగురికీ చెప్పడం నా ఉద్యోగం. చెప్పడమే సుమండీ, చెయ్యడం ఫ్రిజ్ పని.

విజయవాడ పటమటలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో దిగాం. ఇంటాయన శేషగిరిగారు బ్యాంకు మేనేజరు. వచ్చిన రోజే ఆయన భార్య హైమవతి నన్ను గోటితో గీకబోయింది.

"ఆగు హైమా! అది ఊడిందంటే ఫైవ్ స్టారు పోతుంది. మామూలు ఫ్రిజ్జయి కూర్చుంటుంది."

"అయితే మీ మెళ్ళో కార్డు తీసేస్తే మేనేజరు ఉద్యోగం పోతుందా అండీ?"

ఆయన వినిపించుకోలేదు. నా మీద టేపు కూడా వేశారు. దసరాకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఇక నా అండ చూసుకుని, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఆ చల్లగాలికి నిలబడి పేపరు చదివేవారు. ఎండైనా వానైనా ఆయన సాక్సులు ఫ్రిజ్ వెనక వేడికే ఆరేవి. లోపల అది ఆయాసపడుతుంటే, బయట నేను మెరుస్తూ ఉండేదాన్ని.

ఇంతలో మా వార్డులో కొత్త పథకం వచ్చింది. కరెంటు పొదుపును బట్టి ఇంటికి నక్షత్రాలిచ్చి, వాటిని అచ్చేసిన రేకు గుమ్మానికి బిగిస్తారట. ఎదురింటి కౌసల్యకి నాలుగొచ్చాయి. అప్పటినుంచి హైమవతి ముగ్గు వేసే వేళకే కౌసల్యకి తన రేకు తుడవడం గుర్తొచ్చేది.

"కంగారుపడకండి వదినా, మీకు రెండొచ్చినా రేకు సైజు ఒకటేలెండి," అంది కౌసల్య ఓ రోజు.

హైమవతి నవ్వి లోపలికొచ్చింది. ఆ పూట దోసెలన్నీ మాడాయి. "నాలుగు కన్నా తగ్గితే ఈ గుమ్మంలో ముగ్గు పెట్టను," అంది పెనంతో.

"మనకేం భయం? ఇంట్లో ఎనిమిది వస్తువులు, మొత్తం నలభై నక్షత్రాలు!" అన్నారు శేషగిరిగారు.

రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం షమీమ్ అనే అధికారిణి తనిఖీకి వచ్చింది. శేషగిరిగారు ముందు నన్నే చూపించారు. ఆ అమ్మాయి నన్ను చూసి, ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసింది.

"ఈ సాక్సులెవరివండీ?"

"ఫ్రిజ్‌వి మాత్రం కావమ్మా," అంది హైమవతి.

పడగ్గదిలో ఏసీ పద్దెనిమిదిలో ఉంది. మంచం మీద రగ్గు, పక్కన గాలి ఆడాలని తెరిచిన కిటికీ. షమీమ్ పుస్తకంలో రెండు అని రాయడం చూసి హైమవతి మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, ఎవరే వచ్చింది? ఎండనపడి వచ్చినట్టుంది, ఇలా కూర్చోమను," అని వెనక గదిలోంచి అత్తగారు రత్తమ్మగారు పిలిచారు.

ఆ గది కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడక, ఎదురుగా తెరిచిన తలుపు. షమీమ్ కూర్చుని, చల్లదనానికి ఆశ్చర్యపోయి, ఉష్ణోగ్రత కొలిచే మీటరు చూసింది. హాల్లో కన్నా నాలుగు డిగ్రీలు తక్కువ.

"ఏసీ ఎక్కడుంది మామ్మగారూ?"

రత్తమ్మగారు చేతిలో తాటాకు విసనకర్ర ఊపారు.

షమీమ్ తను రాసిన రెండు అంకె కొట్టేసింది. "నెల గడువిస్తాను. ఇల్లంతా ఈ గదిలా ఉంటే నాలుగు రాస్తాను."

మర్నాటినుంచి ఇల్లు హైమవతి చేతిలోకి వెళ్ళింది. కిటికీలకి తడకలెక్కాయి. ఫ్రిజ్ గోడకి జానెడు దూరం జరిగింది. సాక్సులు దండెం చేరాయి. చివరికి ఆవిడ నన్ను టేపుతో సహా ఊడబెరికింది. శేషగిరిగారు గుండె చిక్కబట్టుకుని ఐసు గిన్నెలో వేలు పెట్టి చూశారు.

"గడ్డకట్టే ఉందే!"

"మరి! దాని పని దానికి తెలుసు."

నెల తిరిగేసరికి గుమ్మానికి నాలుగు నక్షత్రాల రేకొచ్చింది. ఆ ఉదయం హైమవతి చుక్కలు పెంచి, కౌసల్య గడపదాకా ముగ్గు వేసింది.

నన్ను పారేస్తారనుకున్నాను. హైమవతి నా వీపుకి జిగురు రాసి, అత్తగారి విసనకర్రకి అంటించింది. "ఐదు దీనికే రావాలి అత్తయ్యా!"

"అమ్మా, కాస్త ఇటు కూడా విసురు," అంటూ శేషగిరిగారు పేపరుతో రోజూ రత్తమ్మగారి గదికే వస్తున్నారు.

ఇప్పుడు నేను ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. ఊగుతున్నాను. గాలి వస్తోంది.