దించని మోపు

కరువుకు తట్టుకోలేక మారెమ్మ కొడుకు శశికుమార్ ఎద్దుల్ని సంతకు తోలి అమ్మేశాడు. ఖాళీ కొట్టం పక్కన కోడలు జాయ్ అందం కోసం ఊదారంగు కంకుల గడ్డి నాటి, బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే పోసేది. చూసినప్పుడల్లా మారెమ్మకు ఒళ్లు మండేది.

“తినే నోరు లేని గడ్డికి నీళ్లెందుకే? ఆ పొద్దు నా ఎద్దులకు పిడికెడు గడ్డి దొరకల్యా!”

చలికాలం పోయేసరికి ఆ గడ్డి ఎండి వాలిపోయింది.

“మొదలంటా కోస్తే మళ్లా చిగురిస్తాదంటత్తా. నాకు కొడవలి పట్టేది రాదు,” అంది జాయ్.

మారెమ్మ గొణుక్కుంటూనే కూర్చుంది. కొడవలి అందగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కోసింది. గడ్డినే పురిపెట్టి మోపు కట్టింది. నెత్తికెత్తుకుని, “దా బసవా” అంటూ కొట్టంలోకి నడిచింది.

మేత వేసే గాడి ఉన్నచోట కొడుకు మోటారు సైకిలు నిలబడి ఉంది.

“యాడికి పోతాండావత్తా?” అని వెనక నుంచి జాయ్ అడిగింది.

నెత్తిమీది మోపు ఎక్కడ దించాలో మారెమ్మకు తెలియలేదు.