వంకరపడిన పడుగు

చెన్నప్ప తన పడుగును తానే కోసేశాడన్న మాట బత్తలపల్లె నేతవీధిలో పొద్దెక్కేలోగా ఇల్లిల్లూ తిరిగింది. రెండువేల రెండో సంవత్సరం అది. వేరుశనగ చేలు మళ్ళీ ఎండిపోయి, మగ్గం ఒక్కటే కూడు పెడుతున్న ఏడాది. అట్లాంటి ఏట మగ్గానికి నిలువునా బిగించిన పట్టు పోగుల పడుగును కత్తెరతో అడ్డంగా కత్తిరించాడంటే దయ్యమే పట్టిందన్నారు జనం. అతని భార్య రామాంజినమ్మ మాత్రం నేలమీద రాలిన పోగులను ఒళ్ళోకి తీసుకుని, చిక్కుపడకుండా చుట్టుకుంటూ కూర్చుంది. ఆ పడుగు అతికింది ఆమె.

మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే కలిపి, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టాలి. వేలకు వేల పోగులు. ఒక్కటి అటూ ఇటూ అయితే చీర పొడుగునా గీత పడుతుంది. రామాంజినమ్మ అతికిన పడుగంటే ఆ వీధిలో ఎవరూ రెండోసారి చూసుకునేవాళ్ళు కాదు. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి కూతుళ్ళిద్దరినీ అత్తవారిళ్ళకు పంపిన నాటి దాకా, ఆమె వేళ్ళు ఆ పోగుల మీదే ముసలివైపోయాయి.

చెన్నప్ప కూడా తక్కువవాడేమీ కాడు. వాళ్ళది నేతకులం కాదు. తండ్రి బావి ఎండిపోయాక పడుచు వయసులోనే ధర్మవరం పోయి, పరాయి మగ్గాల దగ్గర మాటలు పడి పని నేర్చుకొచ్చాడు. అందుకే పనిలో అంత పట్టింపు. బీడీ ఎప్పుడూ మగ్గం దగ్గర ముట్టించడు. బయట అరుగు మీద కూర్చుని తాగి, నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని గాని మగ్గం గుంటలో దిగడు. పట్టుకు నిప్పు తగలకూడదు, పొగ వాసన అసలే తగలకూడదు. అరుగు కింద బీడీ ముక్కలు ఊడ్వడమే రామాంజినమ్మకు ఒక పని. పొగ అంతా తన లోపలికే పోతోందన్న ఆలోచన నలభై ఏళ్ళలో అతనికి ఒక్కసారీ రాలేదు.

గొడవ ఉగాది దాటినాక మొదలైంది.

"ఏమే, ఇట్ల రా. నడిమధ్యన పోగులు వంగినాయి చూడు."

"యాడ?"

"యాడ అంటాండావే. నా ముక్కు ముందర. పాము పోయినట్ల పోతాండాయి."

ఆమె వంగి చూసింది. "చక్కగనే ఉండాయి కదయ్యా."

"అతికినదానివి నువ్వే, చూసేదానివి నువ్వే. ఇంగ నీకు వంకర యాడ కనపడుతుంది?"

పోగు నిటారుగా ఉందో లేదో చూడాలంటే ఎడమకన్ను మూసి, కుడికంటితో గురిపెట్టి చూడడం అతని అలవాటు. ఆ రోజూ అట్లాగే చూశాడు. మళ్ళీ చూశాడు. వంగే ఉన్నాయి. రామాంజినమ్మ అతుకులు విప్పి మళ్ళీ అతికింది. విప్పేటప్పుడు తన వేళ్ళ మీద తనకే అనుమానం పుట్టింది. వయసైపోయింది, చెయ్యి తప్పిందేమోనని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మళ్ళీ అదే మాట. రామాంజినమ్మ పక్కింటి గంగక్కను పిలుచుకొచ్చింది. గంగక్కదీ మగ్గమే, నోరు కాస్త పదును.

"ఏమప్పా చెన్నన్నా, వాన పడినట్ల నిటారుగా ఉండాయి కదా. వాన ఎట్ల పడుతుందో మర్చిపోయినట్లున్నావు నువ్వు."

"మీరిద్దరూ ఒకటే. పో, పోయి నీ మగ్గం చూసుకో."

కొన్నాళ్ళు పళ్ళు బిగబట్టి నేశాడు. నేసిందంతా అతని కంటికి వంకరే. చివరికొకనాడు తెల్లవారుతూనే, అంచు పాడైపోయిందని, పట్టు ఇచ్చిన షావుకారుకు ఈ చీర చూపిస్తే తన మొహాన ఉమ్ముతాడని అరిచి కత్తెర తీసుకున్నాడు. రామాంజినమ్మ చేయి పట్టుకునేలోగా అయిపోయింది.

ఆమె పోగులు చుట్టుకుంటూ ఉంటే చెన్నప్ప గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి ఎడమకన్ను మూసి పైకి చూసి విసుగ్గా అన్నాడు: "ఈ తలుపు కమ్మీ గూడా వంగిపోయింది. చెదలు పట్టినట్లుంది."

ఆమె చేతులు ఆగిపోయాయి. ద్వారబంధపు కమ్మీ వంగలేదు. ఒకనాడు నడుమన వంకర అన్నాడు, ఇంకొకనాడు ఎడమపక్కన అన్నాడు, ఈ పొద్దు అంచు అన్నాడు. తప్పు పోగుల్లో ఉంటే ఒకచోటే ఉండాలి కదా. అతను యాడ చూస్తే ఆడికి పోతోంది ఆ వంకర.

"ఏమయ్యా," అంది మెల్లగా, "కుడికన్ను మూసి చూడు ఒగసారి."

చూశాడు. కమ్మీ నిటారుగా నిలబడింది.

అనంతపురంలో కళ్ళ డాక్టరమ్మ ఒక గళ్ళ కాగితం చేతికిచ్చింది. నిలువు గీతలు, అడ్డ గీతలు, నట్టనడుమ ఒక నల్ల చుక్క. ఎడమకన్ను మూసి ఆ చుక్కను చూడమంది.

చెన్నప్ప చూసి చూసి నవ్వాడు. "ఈ కాయితం ఎవరు నేసినారమ్మా? మా ఇంటిదానికంటే అన్యాయంగా ఉండాదే. పోగులన్నీ నడిమికి కుంగిపోయినాయి. చుక్క యాడుందో ఏమో, మసి పూసినట్ల ఉండాది."

నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. రామాంజినమ్మ ముందుకు వంగి కాగితం చూసింది.

"చక్కగనే ఉండాయయ్యా," అంది. ఇన్నాళ్ళూ నమ్మమని మొత్తుకున్న మాటే. ఈసారి అతను నమ్మాడు. నమ్మకపోయి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"పొరేనా అమ్మా?" అడిగాడు చెన్నప్ప. "పొరైతే కోసి తీసేస్తారంట కదా."

"పొర కాదు పెద్దాయనా. పొరైతే తీసి అద్దం పెట్టేదాన్ని. ఇది కంటి వెనక, చూపు నిలబడే చోట. వయసు మీద పడేకొద్దీ కొందరికి అక్కడ చెడుతుంది. నీ కుడికంట్లో నెత్తురు ఊరి మచ్చ కట్టిపోయింది. పక్కలు కనపడతాయి, నడుమ కనపడదు. పోయిన చూపు తెచ్చివ్వలేను." ఆమె కాస్త ఆగింది. "ఎడమ దాంట్లో కూడా మొదలైంది. ఇప్పుడిప్పుడే. బీడీలు తాగుతావా?"

"తాగుతా. అయితే పట్టుకు తగలనీను తల్లీ. బయటే తాగుతా."

"పట్టు సంగతి కాదు, నీ సంగతి."

"కంటితో తాగలేదు కదమ్మా, నోటితో తాగినా."

"పీల్చిన పొగ నెత్తురులో కలుస్తుంది. నెత్తురు పోయే చోటికల్లా పోతుంది. కంటిలో నెత్తురు నరాలు సన్నవి, ముందు అవే దెబ్బతింటాయి. తాగని వాళ్ళకూ వస్తుంది ఈ జబ్బు, కాదనను. తాగేవాళ్ళకు ఎక్కువ వస్తుంది, ముందుగా వస్తుంది."

"మానేస్తే ఎడమకన్నైనా నిలుస్తుందా?" అడిగింది రామాంజినమ్మ.

"నిలుస్తుందని మాట ఇవ్వలేనమ్మా. తాగుతూ ఉంటే మాత్రం దాన్ని చేతులారా తోసేసినట్టే. ఆకుకూరలు పెట్టు. రోజూ ఒక్కొక్క కన్ను మూసి గీతలు చూడమను. ఎడమకంటికి వంకర కనపడిన రోజే పరుగెత్తుకుని రండి."

బస్సు దిగేసరికి దాసప్ప ఎదురయ్యాడు. ఇద్దరూ అరుగు మీది స్నేహితులు. ఎప్పటిలాగే బీడీ తీసి ముందుకు చాపాడు. చెన్నప్ప చెయ్యి దానంతటదే లేచింది. లేచి, గాలిలో ఆగి, తలగుడ్డ సర్దుకుంది.

"వద్దు దాసప్పా. కంటికి మంచిది కాదంట."

"కంటికా? ఏమప్పా, యాడైనా విన్నామా? మా నాయన సచ్చేదంకా తాగినాడు, సూదిలో దారం ఎక్కించేవాడు."

"మీ నాయన కండ్లు నాకియ్యలేదు కదప్పా ఆయన," అని చెన్నప్ప నడిచాడు.

పడుగు మళ్ళీ అతికి, గుంటలో ఇప్పుడు రామాంజినమ్మ దిగింది. అడ్డపోగును కండెలకు చుట్టడం చెన్నప్ప వంతైంది. రాట్నానికి చూపు అక్కరలేదు, వేళ్ళు చాలు. బీడీ మానడమే కష్టమైంది. తిన్నాక నోట్లో ఏదో పోగొట్టుకున్నట్లు వెతుక్కునేవాడు. సొంటి ముక్క బుగ్గన పెట్టుకునేవాడు, చింతగింజ చప్పరించేవాడు. ఉత్తపుణ్యానికి కోళ్ళను తిట్టేవాడు. గంగక్క వచ్చి, "ఏమప్పా, బాలింతరాలి మాదిరి సొంటి తింటాండావు," అంటే కూడా కోపం తెచ్చుకోలేదు. నెల గడిచింది. రామాంజినమ్మ లోపల్లోపల ధైర్యం కూడగట్టుకుంటోంది.

ఒక మధ్యాహ్నం నేస్తూ నేస్తూ ఆమెకు ఆ వాసన తగిలింది. మగ్గం ఆపి ఇంటి వెనక్కి పోయింది. కంది కట్టె మోపుల చాటున చెన్నప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేళ్ళ మధ్య సగం కాలిన బీడీ. ఆమెను చూసి దాచలేదు.

తిడుతుందనుకున్నాడు. ఆమె కొంగుతో నేల దులిపి, ఎదురుగా కూర్చుంది.

"ఎడమకన్ను మూయి," అంది.

మూశాడు.

"నేను కనపడతాండానా?"

చాలాసేపు చూశాడు. "తలెంట్రుకలు ఉండాయి. కమ్మలు ఉండాయి. భుజాలు ఉండాయి." కన్ను చిట్లించాడు. "మొగం ల్యాదు. మొగమున్న చోట పొగ ఉండాది."

రామాంజినమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి అవి కనపడవు కాబట్టి తుడుచుకోలేదు.

"ఇప్పుడు కుడిది మూసి, ఇది తెరువు."

తెరిచాడు. ఆమె ఎదురుచూసింది. ఎడమకంటికి కూడా ఏమైనా అయిందేమోనని ముందుకు జరిగింది.

"చెప్పవేమి?"

"ఏడుస్తాండావు," అన్నాడు.

బీడీని మట్టిలో నొక్కాడు. నడుముకు చెక్కుకున్న బీడీ కట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఒట్టు వేయించుకోలేదు, ఇంకెప్పుడూ తాగనని అతనూ అనలేదు. ఎండ మోపుల మీదికి ఎక్కుతోంది. లోపల మగ్గం ఆగిపోయి ఉంది. అతను ఆ ఒక్క కన్నూ తెరుచుకుని ఆమె మొగంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆమె లేవలేదు, మొగం తిప్పుకోలేదు.