బజారుకంతా ఒకటే బల్ల

రైసు మిల్లు హమాలీలు బల్లను మోసుకొచ్చి ఆనందకుమారి కొట్టు మెట్ల మీద వాల్చేసరికి నాలుగున్నర దాటింది. పోర్టు బస్సులు ఆగే ఆ బజారులో ఆ బల్లను ఎరగనివాళ్లు లేరు. మొన్నటిదాకా హమాలీలు బస్తాలతో దాని మీదుగానే లారీ ఎక్కేవారు. ఈ వారం రోజులుగా మాత్రం దాని యోగం మారిపోయింది. పసుపు రంగు పూసి, అంచులకు తెల్లగీతలు కొట్టి, దాన్ని కొట్టుకొట్టుకీ ఊరేగిస్తున్నారు.

వ్యాపార లైసెన్సు కావాలంటే వికలాంగులు ఎక్కడానికి కొట్టుముందు ర్యాంపు ఉండాలని మున్సిపాలిటీ ఈ ఏడాది పట్టుబట్టింది. ర్యాంపుతో సహా కొట్టు నడిపేవాళ్ల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఫొటో ఎక్కగానే బల్ల పక్క కొట్టుకు పోతుంది. పైఆఫీసు దృష్టిలో ఈ బజారుకు ముప్ఫై ఏడు ర్యాంపులు వచ్చాయి. ఈ గొప్ప ఉపాయం వర్తక సంఘం కార్యదర్శి మాల్యాద్రిది.

ఆనందకుమారి జాకెట్లు కుట్టే కొట్టు కూడా మాల్యాద్రిదే. ఆయన చీరల కొట్టుకూ దానికీ కలిపి ఒకటే అరుగు, మూడు మెట్లు. ఆమెకు రెండు కాళ్లూ చిన్ననాడే పోలియోకు పోయాయి. పదకొండేళ్లుగా రోజూ పొద్దున చక్రాల కుర్చీని కరెంటు స్తంభం దగ్గర ఆపి, మెట్ల మీద కూర్చుని, చేతులతో ఒళ్లు ఈడ్చుకుంటూ పైకి ఎక్కుతుంది. ర్యాంపు కట్టించమని అడిగిన ప్రతిసారీ మాల్యాద్రి ముందున్న కాలవ వంక చూపించేవాడు. కాలవ మీద కడితే మున్సిపాలిటీ ఊరుకోదనేవాడు. ఇప్పుడా మున్సిపాలిటీయే కట్టమంటోందని తెలిసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. అంత సంబరపడింది పిచ్చిది. వారం తిరక్కుండానే ఆమె ర్యాంపు నలుగురి భుజాల మీద ఊరేగుతూ వచ్చింది.

"అట్టనే కుర్చీతో ఎక్కెయ్ పాపా. ఎనకమాల హజరత్తయ్య పట్టుకోనుంటాడు," అన్నాడు మాల్యాద్రి.

"నిటారుగా ఉండాదన్నా. జారతాది."

"రెండు నిమిషాల పని. సార్ పోవాల."

లైసెన్సుల ఇన్‌స్పెక్టరు సుశీల్ కుమార్ అప్పటికే ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. "మిగతావాళ్లంతా పక్కన నిలబడి తీయించుకున్నారమ్మా. నువ్వు ఎక్కుతా ఉంటే ఆ ఫొటో వేరు. జిల్లా గ్రూపులో పెడతా. నీ కొట్టుకు ఇయ్యాల్టితో గడువు. అయిదింటికి యాప్ మూసేస్తారు. ఫొటో లేకపోతే నోటీసు. వారంలోపు ర్యాంపు లేకుంటే కొట్టుకు సీలు. నా చేతుల్లో ఏం లేదు."

కొట్టుకు సీలు పడితే తన బతుకు వీధిన పడ్డట్టే. ఆనందకుమారి చక్రాలు తిప్పింది. బల్ల కిర్రుమంది. సగం దూరం వచ్చేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఆమె గుండె గుభేలుమంది. కుర్చీ వెనక్కి జారింది, హజరత్తయ్య భుజం అడ్డం పెట్టి ఆపాడు. ముసలాయన బస్తాలు మోసి రాటుదేలిన మనిషి కాబట్టి ఆగింది, లేకపోతే ఆమె తల కాలవరాయికి తగిలేది.

"చాలు, దించెయ్యండి. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది," అన్నాడు సుశీల్ కుమార్. నిజమే, ఫొటోలో ఆమె ఎక్కుతున్నట్టే ఉంది.

ఆమె ఒళ్లోని ఫోను మోగింది. లైసెన్సు ఎవరి పేరనో వాళ్లే ఓటీపీ చెబితేగానీ ఫొటో పైకి పోదు.

"నంబరు వచ్చిందా?"

"వచ్చింది సార్."

"చెప్పు. పది నిమిషాలే ఉంటది."

ఆరంకెలు. చెబితే రేపే లైసెన్సు చేతికొస్తుంది. ఈ కొట్టుకు ర్యాంపు ఉందని రాతలో పడిపోతుంది. ఉన్నదాన్ని మళ్లీ ఎవరు కడతారు, ఏ మొహం పెట్టుకుని అడగాలి? అదీ తన ఫొటోయే సాక్ష్యంగా. చెప్పకపోతే వారంలో సీలు. ఈలోగా మాల్యాద్రికి కోపమొచ్చి ఖాళీ చెయ్యమంటే అదీ అయిపోతుంది. ఆమెకు భయం వేసింది.

"ఈ బల్ల రేపు ఈడనే ఉంటదా అన్నా?"

"ఎట్టుంటది? పొద్దున్నే మందుల షాపు కాడికి పోవాల గదా."

"అయితే నేను నంబరు చెప్పను."

మాల్యాద్రి నవ్వబోయి ఆగిపోయాడు. హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుశీల్ కుమార్ టైము చూసుకున్నాడు.

"ఏం మాట్లాడతుండావు పాపా?" మాల్యాద్రి గొంతు తగ్గించాడు. "ఆ రోజు నీకు ఎవురూ కొట్టు ఇయ్యకపోతే నేనిచ్చినా. మరిచిపోయినావా?"

అదీ నిజమే. ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. "మరిచిపోలేదన్నా. అందుకే కాలవ చూపించినప్పుడల్లా నోరు మూసుకోని పదకొండేళ్లు మెట్లెక్కినా. ఇప్పుడు నేనే ర్యాంపు ఉందని చెప్తే ఇంక చచ్చిందాకా అట్టనే ఎక్కాల."

"నాలుగు నిమిషాలుండాయి," అన్నాడు సుశీల్ కుమార్. తరవాత రెండన్నాడు. ఆమె ఫోనును బోర్లా పెట్టి, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

టైము అయిపోయింది.

"నీ ఇష్టం. ర్యాంపు లేదని రాస్తుండా," అంటూ సుశీల్ కుమార్ బల్ల తీయించాడు. లేదని రాయాలన్నా ఫొటో కావాలి. రోడ్డు అవతలికి పోయి తీశాడు. తీసింది చూసుకుని అక్కడే నిలబడిపోయాడు. అరుగు ఒకటే, మెట్లు అవే, పక్కనే చీరల కొట్టు బోర్డు. నిన్న మధ్యాహ్నం ఇవే మెట్ల మీద పసుపు బల్ల వేసి మాల్యాద్రి ఫొటో ఎక్కించింది తనే.

వెనక్కి వచ్చి ఫోను మాల్యాద్రి ముందు పెట్టాడు. "మాల్యాద్రి గారూ, ఈమెకు లేదని రాసి మీకు ఉందని ఎట్టా ఉంచేది? రెండు ఫొటోలు పక్కన పెట్టి చూస్తే నా ఉద్యోగం ఊడతాది. మీది కూడా వెనక్కి తీసుకుంటుండా. ఇద్దరికీ వారం టైము."

నోటీసులు రెండూ రాసిచ్చి, ఇంకో మాటకు తావివ్వకుండా బండెక్కాడు. ఆనందకుమారి నోటీసును రెండుసార్లు చదువుకుంది. ర్యాంపు లేదు అని ఉంది. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాల్యాద్రి తన కాగితం నలిపి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. తిడతాడని ఆమె కాచుకుంది. ఖాళీ చెయ్యమంటాడని కూడా అనుకుంది.

"ఎంత పొడుగుండాలంట ఆ ర్యాంపు?" అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా.

"మెట్ల ఎత్తు అడుగున్నర. అడుగుకు పన్నెండు లెక్కన పద్దెనిమిది అడుగులు కావాల."

"ఎవురు కొలిచినారు?"

"నేనే. కొట్టులో చేరిన ఏడాదే టేపు పెట్టి కొలుచుకున్నా."

మాల్యాద్రి అరుగు పొడుగునా చూపు సారించాడు. "ఎదురుగా కాలవ. అరుగెంబడి కట్టాలంటే నీ కొట్టు ఎనిమిది అడుగులే గదా పాపా. మిగతా పదీ నా గుమ్మం ముందు నుంచే రావాల."

"మీ గుమ్మం ముందు నుంచే అన్నా," అంది ఆనందకుమారి.