సంహిత ఊలు బొమ్మ

మంచి చేయబోతే ఎదుటి మనిషికి ఏడుపెందుకు వచ్చిందో, ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా శ్రీదుర్గకి అర్థం కాలేదు.

పెదపాడు బడిలో ఏడో తరగతికి గీతాంజలి టీచరు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ దగ్గర మిగిలిన ఊలు ముక్కలు సంచీడు తెచ్చి, తీగకి ఊలు చుట్టి పక్కన కూర్చునేవాళ్ళ బొమ్మ చెయ్యమన్నారు. మర్నాడు తల్లిదండ్రుల ముందు ఎవరి బొమ్మ వాళ్ళు పట్టుకుని "ఇది నేను" అని చెప్పాలట.

శ్రీదుర్గ పక్కన కూర్చునేది సంహిత. ఆ పిల్లకి ఒక కాలు పొట్టి. పాపం, బొమ్మలోనైనా బాగుండాలని శ్రీదుర్గ రెండు కాళ్ళూ కొలిచి మరీ సమానంగా చేసింది. సంహిత కళ్ళనిండా నీళ్ళు. "ఇది నేను కాదు" అని బొమ్మని బల్ల మీదే వదిలేసి వేరే బెంచీకి వెళ్ళిపోయింది. మూడేళ్ళ స్నేహం!

పైగా ఆ మహాతల్లి చేసిన శ్రీదుర్గ బొమ్మ చూడండి, నల్ల ఊలుతో! శ్రీదుర్గ నలుపే, కాదనం. అయినా అంత నలుపా? అసలు ఎవరి మీద ఎవరికి కోపం రావాలి?

రెండు బొమ్మలూ ఇంటికి తెచ్చింది. ఆదివారం వస్తే చాలు, శనగపిండి నలుగుతో మనవరాలి రంగు తేల్చాలని కంకణం కట్టుకున్న కాంతం నాయనమ్మ ముక్కున వేలేసుకుంది. "అయ్యో, తెల్ల ఊలే దొరకలేదా ఆ పిల్లకి? ఇలా తేమ్మా, పైన పసుప్పచ్చది చుట్టేస్తాను" అంది ప్రేమగా.

ఆ ప్రేమకి శ్రీదుర్గకి ఒళ్ళు మండింది. ఎందుకో తెలియలేదు. బొమ్మకి ఒక జడ ఊడి ఉంది, ఒక మేజోడు జారి ఉంది. అచ్చం తనే.

"ముట్టుకోకు నాయనమ్మా! అది నేను" అని అరిచింది. అరిచాక గుర్తొచ్చింది. పొద్దున్న తను సంహితకి చేసిందీ ఇదే కదా.

సంహిత బొమ్మ కాలు పొట్టి చేద్దామని కూర్చుంది. కుడికాలా, ఎడమకాలా? ఎంతకీ గుర్తు రాలేదు. మూడేళ్ళుగా పక్కనే నడుస్తూ, పాపమనుకుని చూపు తిప్పుకోవడమే తప్ప ఒక్కనాడూ చూడలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బొమ్మని సంహిత ముందు పెట్టి, "ఏ కాలో నాకు తెలీదే" అంది తల దించుకుని.

సంహిత బెంచీ ఇవతలికి వచ్చి, పాంటు కాస్త పైకి లాక్కుని, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి నిలబడింది.

"సరిగ్గా చూడవే" అంది. "తొందరేం లేదు."